"ఇప్పటికైతే ఇచ్చెయ్" అనే సార్లకు, మేడమ్‌లకు బహిరంగ లేఖ

వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో ఆఫీసులు నడిపే యజమానులకు, మేనేజర్లకు, అడ్మిన్ పనులు చూసుకునే వాళ్లందరికీ నమస్కారం. మీ ఆఫీసు వెనక గదిలో చిక్కుపడ్డ నెట్‌వర్క్ వైర్ల గురించి ఈ లేఖ.

మీలో చాలామంది నన్ను చూసే ఉంటారు. గుర్తుండకపోవచ్చు. నెట్ పోయిన రోజు భుజాన బ్యాగుతో వచ్చి, నోట్లో టార్చి పెట్టుకొని, రాక్ (నెట్ డబ్బాలు పెట్టే ఇనుప బీరువా) ముందు నేల మీద బాసింపట్టు వేసుకొని కూర్చునే మనిషిని నేను. పదిహేనేళ్లుగా ఇదే పని. చిట్‌ఫండ్ ఆఫీసులు, నర్సింగ్ హోమ్‌లు, జూనియర్ కాలేజీలు, ఆడిటర్ల ఆఫీసులు, ఏనుమాముల మార్కెట్ దగ్గరి కమిషన్ కొట్లు. వీటి ముందు గదుల్లో సోఫాలు ఏ రంగులో ఉంటాయో నేను చెప్పలేను. వెనక గదిలో ఏముంటుందో మాత్రం తలుపు తీయకముందే చెప్తాను.

ఒక మార్చి 31న సుబేదారి వైపు ఉన్న ఒక ఆఫీసు నుంచి పొద్దున పదకొండింటికి ఫోన్ వచ్చింది. "అన్నా, నెట్ లేదు, ప్రింటర్ లేదు, అకౌంట్స్ సర్వర్ తెరుచుకుంటలేదు. ఇయ్యాల ఇయర్ ఎండింగ్. జర జల్దీ రా." వెళ్లాను. గదిలో పోయిన దసరా నాటి ప్లాస్టిక్ తోరణాలు, పాత లెడ్జర్లు, కాలు విరిగిన కుర్చీ, చీపురు, ఫినాయిల్ డబ్బా ఉన్నాయి. గోడకు బిగించిన రాక్ మీద ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్, అదీ నిండుది. వైర్లు బయటికి పొంగి రాక్ తలుపు పడటం లేదని నైలాన్ తాడుతో కట్టేశారు. లోపల 24 పోర్టుల (వైరు గుచ్చే కన్నాల) స్విచ్‌లు రెండు. స్విచ్ అంటే ఇక్కడ ఆఫీసు కంప్యూటర్లన్నిటినీ కలిపే డబ్బా. మూడోది ఎనిమిది పోర్టుల చిన్నది, దాని వైర్లకే అది వేలాడుతోంది. వైర్లన్నీ బూడిద రంగువే. ఒక్కదానికీ పేరు లేదు, నంబరు లేదు.

స్విచ్‌ల లైట్లు చూడగానే సంగతి అర్థమైంది. మామూలుగా ఒక్కో లైటు దాని పనిని బట్టి ఎప్పుడో ఒకప్పుడు మినుకుమంటుంది. అక్కడ అన్నీ కలిసి, పెళ్లింటి సీరియల్ లైట్లలాగా ఒకే తాళంలో కొట్టుకుంటున్నాయి. లూప్ పడింది. అంటే ఒక వైరు రెండు కొసలూ ఎక్కడో ఒకే స్విచ్‌లోకి వెళ్లాయి. నెట్‌వర్క్‌లో అందరికీ వినిపించాల్సిన సందేశాలు కొన్ని ఉంటాయి, ఊళ్లో డప్పు చాటింపులాగా. స్విచ్ ఆ చాటింపును, అది వచ్చిన పోర్టు తప్ప మిగతా అన్ని పోర్టుల్లోంచి బయటికి పంపుతుంది. లూప్ ఉంటే అది అటు వెళ్లి ఇటు తిరిగి వస్తుంది. స్విచ్‌కు అది తన చాటింపే అని తెలియదు, మళ్లీ అందరికీ చాటుతుంది. ఇన్నిసార్లు తిరిగాక ఆగిపోవాలనే లెక్క ఆ సందేశం మీద రాసి ఉండదు. కొన్ని సెకన్లలోనే ఊరంతా డప్పుల మోతే, మనిషి మాట మనిషికి వినపడదు. మంచి మేనేజ్డ్ స్విచ్‌లో, అంటే సెట్టింగులు మార్చుకోగలిగే రకంలో, దీనికి మందు ఉంది. 1985లో రేడియా పెర్ల్‌మన్ అనే ఇంజినీరు తయారుచేసిన స్పానింగ్ ట్రీ పద్ధతి ఇలాంటి దారిని పసిగట్టి ఒక వైపు మూసేస్తుంది. అక్కడ ఉన్నవి కొటేషన్లలో అన్నిటికంటే తక్కువ ధర పలికిన మామూలు స్విచ్‌లు.

జబ్బు ఏమిటో ఒక్క నిమిషంలో తెలిసింది. అది ఏ వైరో తెలియడానికి మూడు గంటలు పట్టింది. ఒక్కో వైరు పీకాలి, లైట్లు శాంతించాయా చూడాలి, మళ్లీ దాన్ని అదే కన్నంలో పెట్టాలి, ఇంకోటి పీకాలి. పీకినప్పుడల్లా లోపలి నుంచి ఎవరో ఒకరు "నాది పోయింది" అని అరిచేవారు, అప్పటికే ఏమీ పనిచేయకపోయినా. లూప్ ఏ స్విచ్‌లో ఉందో విడదీసి చూద్దామంటే, మూడు స్విచ్‌లూ ఒకదానికొకటి ఎక్కడ కలిశాయో ఆ చిక్కులో కనిపించలేదు. చివరికి రెండింటికి దొరికింది. మీటరు పొడవున్న ప్యాచ్ కార్డ్, అంటే రెండు కొసలకూ ప్లగ్గులున్న చిన్న వైరు. పొద్దున నేల తుడిచే అమ్మ, ఒక వైరు కొస కింద పడి ఉండటం చూసి, తన బకెట్ తగిలే ఊడిందేమోనని భయపడి, ఖాళీగా కనిపించిన కన్నంలో పెట్టేసింది. ఆమె చేసింది మంచి పనే అనుకోవాలి. ఊడిన వైరు చూసి దాటిపోయేవాళ్లే ఎక్కువ.

బిల్లు రాస్తుంటే మేనేజర్ సారు అడిగారు: "ఒక్క వైరు పీకినందుకు ఇంతనా?"

నేనేమీ అనలేదు. ఎందుకంటే ఆ వైరు కొసను అక్కడ వేలాడదీసి వెళ్లింది ఎవరో నాకు తెలిసిపోయింది. కొస దగ్గర పసుపు ఇన్సులేషన్ టేపు రెండు చుట్లు ఉంది. అలా చుట్టేది నేనే. రెండేళ్ల క్రితం ఏదో పోర్టు చూడటానికి ల్యాప్‌టాప్‌కు పెట్టుకొని, ఇంకో చోటి నుంచి ఫోన్ రాగానే ఆ కొస అలాగే వదిలేసి పోయాను.

అందుకని ఈ లేఖలో మీ మీద చెప్పే ప్రతి మాటా నా మీద కూడా.

వెనక గది ఒక్క రోజులో పాడవదు. దాన్ని పాడుచేసేది "ఇప్పటికైతే" అనే మాట. కొత్త అమ్మాయి జాయిన్ అయింది, ఇప్పటికైతే ఒక వైరు లాగెయ్. బయోమెట్రిక్ మిషన్ పెట్టారు, ఇప్పటికైతే కిటికీలోంచి తెచ్చెయ్. ఆడిటర్లు వచ్చారు, ఇప్పటికైతే ఎక్స్‌టెన్షన్ బాక్స్ పెట్టి ఒక చిన్న స్విచ్ ఇచ్చెయ్, మళ్లీ తీరిగ్గా సాఫ్ చేద్దువు. ఆ "మళ్లీ" నేను పదిహేనేళ్లలో నాలుగైదు సార్లు చూశానంతే.

ఒక కాలేజీ ల్యాబులో ఇలాగే ఎవరో ఒకే వైరును చీల్చి ఇద్దరికి కనెక్షన్ ఇచ్చారు. వైరు లోపల నాలుగు జతలు ఉంటాయి. 100 ఎంబీపీఎస్ స్పీడుకు రెండు జతలు చాలు కాబట్టి ఆరెంజ్, గ్రీన్ జతలు ఒకరికి, బ్లూ, బ్రౌన్ జతలు పక్కవారికి. ఆ రోజుకు తెలివైన పనే. తర్వాత కొత్త గిగాబిట్ స్విచ్, అంటే దానికి పదింతల స్పీడుది, కొన్నారు. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. ఆ రెండు కంప్యూటర్లు 100 దాటలేదు. నెట్ ఇచ్చే కంపెనీ వాళ్లను ఆరు నెలలు తిట్టారు, ప్లాన్ రెండుసార్లు పెంచారు. తప్పు గోడ లోపల పదడుగుల ఎత్తులో కేసింగ్ పట్టీ కింద ఉంది.

ఇంకో చోట హైదరాబాద్ నుంచి ఎవరో పెద్దాయన వస్తున్నాడని ఇప్పటికైతే ఒక వైఫై డబ్బా పెట్టారు. దాని లాన్ పోర్టును (లోపలి కంప్యూటర్ల వైపు కన్నాన్ని) స్విచ్‌కు కలిపారు. ఆ డబ్బా కూడా అడిగిన కంప్యూటర్లన్నిటికీ ఐపీ అడ్రసులు (నెట్‌వర్క్‌లో ఒక్కో మిషన్‌కు ఉండే నంబర్లు) పంచడం మొదలుపెట్టింది. సగం కంప్యూటర్లు 192.168.1 వరుసలో, సగం 192.168.0 వరుసలో. పక్క టేబుల్ మీది ప్రింటర్ వేరే దేశంలో ఉన్నట్టు అయింది. పెద్దాయన రెండు రోజుల్లో వెళ్లిపోయాడు. డబ్బా ఏడాది తర్వాత పాత రిజిస్టర్ల వెనక, ఇంకా లైటు వెలుగుతూ దొరికింది.

"పనిచేస్తోంది కదా, ఎందుకు ముట్టుకోవడం?" అని మీరంటారు. ఈ మాట నేను కొట్టిపారేయను. చిక్కుపడ్డ రాక్‌ను కదిలిస్తే ఏదో ఒకటి ఆగిపోతుంది, నిజమే. ఏళ్ల తరబడి ఒకే వంపులో పడి ఉన్న వైరును తిప్పితే లోపల విరుగుతుంది. క్లిప్పు ఎప్పుడో ఊడిపోయి, పక్క వైరు బరువుకు కన్నంలో నిలబడ్డ ప్లగ్గులు ఉంటాయి, పక్కది తీస్తే అదీ జారిపోతుంది. కానీ మీరు ముట్టుకోకపోయినా ఎవరో ఒకరు ముట్టుకుంటూనే ఉన్నారు. ఎలుక ముట్టుకుంటుంది. కెమెరాల అబ్బాయి ముట్టుకుంటాడు. నేల తుడిచే అమ్మ బకెట్ ముట్టుకుంటుంది. ఏ రోజు ముట్టుకోవాలో మీరు నిర్ణయిస్తారా, లేక మార్చి 31 నిర్ణయిస్తుందా అన్నదే మిగిలింది.

మే నెలలో మన దగ్గర బయటే 44 డిగ్రీల దాకా పోతుంది. కిటికీ లేని గదిలో, ఫ్యాన్ కన్నాలకు వైర్ల తెర అడ్డుపడ్డ స్విచ్ పరిస్థితి ఏమిటో అనుకోండి. ఏనుమాముల వైపు కొట్లలో దీనికి తోడు పత్తి దూది. ఒక స్విచ్ మూత తీస్తే లోపల పలచని పరుపులాగా వచ్చింది.

2020 ఆగస్టులో, 2023 జూలైలో నీళ్లు ఎంతదాకా వచ్చాయో హంటర్ రోడ్, నయీంనగర్ వైపు వాళ్లకు నేను గుర్తుచేయనక్కర్లేదు. వాన తగ్గాక నేను వెళ్లిన చోట్ల కంప్యూటర్లు టేబుళ్ల మీద ఉండి బతికిపోయాయి. స్విచ్, యూపీఎస్, ఎక్స్‌టెన్షన్ బాక్స్ మాత్రం నేల మీద వైర్ల కుప్పలో ఉండి మునిగాయి. రాక్ ఛాతీ ఎత్తులో పెట్టించండి. ఇంతకంటే దీని గురించి చెప్పడానికేమీ లేదు.

నేను అడిగేది ఒక్క ఆదివారం. ఆ రోజు ఏం చేస్తానో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే "వైర్లు సర్దడమేగా, అబ్బాయిని పంపు, గంటలో అయిపోతుంది" అనే మాట చాలాసార్లు విన్నాను.

పొద్దున ఎనిమిదికి వస్తాను. మొదటి రెండున్నర గంటలు ఒక్క వైరు కూడా పీకను. ఇది నాకు నేర్పింది ఏ కోర్సూ కాదు. మా బాపు కొత్తవాడలో జంపఖానాలు నేసేవాడు, 2018లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిన మన వరంగల్ జంపఖానాలే. నూలు చిక్కుపడితే చిన్నప్పుడు నేను కత్తెర అందుకునేవాణ్ని. "కొస దొరికేదాకా కత్తెర ముట్టకు" అనేవాడు. కోస్తే చిక్కు పోదు, చిక్కుకు ఇంకో రెండు కొసలు పుడతాయి. కాబట్టి ముందు ఫొటోలు తీస్తాను, ఏ పోర్టులో ఏ వైరు ఉందో కాగితం మీద రాస్తాను. తర్వాత ట్రేసర్ పెడతాను. టేబుల్ దగ్గరి కొసకు అది తగిలిస్తే, రాక్ దగ్గర దాని జోడీ ఏ వైరు దగ్గర కూస్తుందో అదే ఆ వైరు. దొరికిన వెంటనే రెండు కొసలకూ ఒకే నంబరు కట్టాలి, ప్లగ్గుకు జానెడు దూరంలో, వంగి చూసినా కనపడేలా.

దయచేసి ఆ నంబరు బదులు మనుషుల పేర్లు రాయమనకండి. ఒక ఆఫీసులో "రమేష్ సార్" అని రాసిన వైర్లు మూడు ఉన్నాయి. రమేష్ సార్ కరీంనగర్‌కు బదిలీ అయి ఎన్నేళ్లయిందో అక్కడ ఎవరికీ తెలియదు. గోడ మీది ఐఓ బాక్సుకు (వైరు గుచ్చే కన్నం ఉన్న డబ్బాకు) నంబరు ఇవ్వండి, వైరుకు అదే నంబరు ఉంటుంది. మనుషులు మారతారు, గోడ అక్కడే ఉంటుంది.

పదిన్నరకు పీకుడు మొదలవుతుంది. ఏ కొసకూ చేరని వైర్లు మొదట పోతాయి. సుబేదారి ఆఫీసులో మొత్తం 41 వైర్లు లెక్కపెడితే 13 ఎక్కడికీ వెళ్లడం లేదు. కొన్ని ఫాల్స్ సీలింగ్ పైన కోసేసి ఉన్నాయి, ఒకటి ఎప్పుడో తీసేసిన ఫ్యాక్స్ మిషన్ దగ్గర ఆగిపోయింది. రెండు సిమెంటు సంచుల వైరు బయటికి వచ్చింది. ఆ గదిలో నేను ఎన్నో ఏళ్ల తర్వాత గోడ చూశాను.

తర్వాత అసలు పని, ప్యాచ్ ప్యానెల్. అంటే వెనక వైపు గోడ వైర్లు వచ్చి చేరే, ముందు వైపు కన్నాలుండే పలక. మీ కొటేషన్లలో "ఇది అవసరమా?" అని గీత కొట్టేది ఎక్కువగా దీన్నే. గోడలోంచి వచ్చే వైరు లోపల ఒక్కో రంగుకు ఒకే గట్టి రాగి తీగ ఉంటుంది. మాటిమాటికీ వంచితే విరుగుతుంది. రాక్ ముందు వాడే ప్యాచ్ కార్డ్ లోపల సన్నని పోగులు ఉంటాయి, అది వంగడానికే పుట్టింది. గోడ వైరును ప్యానెల్ వెనక క్రోన్ టూల్ అనే పనిముట్టుతో ఒకసారి పంచ్ చేసి, అంటే గట్టిగా నొక్కి దింపి, వదిలేస్తే దాన్ని ఇంకెవరూ ముట్టుకోరు. మార్పులన్నీ ముందు వైపు, అరమీటరు ప్యాచ్ కార్డులతోనే. పంచ్ చేసేటప్పుడు జతల మెలిక అర అంగుళం కంటే ఎక్కువ విప్పకూడదు. ఆ మెలికే పక్క జతల గోలను రద్దు చేసేది. కొందరు మూడు అంగుళాలు విప్పి, దువ్వి, రంగులు వరుసగా పెట్టి చూసుకొని మురిసిపోతారు. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది, స్పీడే రాదు.

రెండు అడుగుల దూరానికి పది మీటర్ల వైరు వేసి మిగతాది చుట్ట చుట్టి రాక్ వెనక దోపడం ఇంకో అలవాటు. స్విచ్ నుంచి కంప్యూటర్ దాకా అన్నీ కలిపి వంద మీటర్లే మన హద్దు. పొడవాటి హాల్ ఉన్న ఆఫీసుల్లో ఈ చుట్టలే ఆ హద్దు దాటిస్తాయి.

కట్టడానికి వెల్‌క్రో పట్టీ వాడతాను. ప్లాస్టిక్ ట్యాగు గుంజి బిగిస్తే వైరు నలిగి లోపలి మెలిక చెదురుతుంది. పైగా రేపు ఒక్క వైరు మార్చాలంటే కత్తెర పెట్టాలి, ఆ కత్తెర పక్క వైరుకూ తగులుతుంది. కట్టు కింద వేలు దూరాలి, అంతే లెక్క. కరెంటు వైర్లు ఒక పక్క నుంచి, ఇవి రెండో పక్క నుంచి. ఫోన్‌లో కొన్ని రాక్‌ల ఫొటోలు చూపించి "ఇలా చేసిపెట్టు" అని అడుగుతుంటారు, ఒక్కో వైరూ జడ వేసినట్టు ఉంటుంది. నాకూ ఇష్టమే అవి. కానీ నెలకోసారి సీట్లు మార్చే మీ ఆఫీసుకు అంత బిగువు అల్లిక పనికిరాదు. రెండో మార్పుకే ఎవరో ఒకరు జడ మీదుగా ఇంకో వైరు వేస్తారు, మూడో వైరు నుంచి కథ మొదటికి వస్తుంది. కాస్త వదులుగా ఉన్నా ఫర్వాలేదు, నంబరు ఉండాలి.

వైరు ధర దగ్గర ఒక మాట. 305 మీటర్ల బాక్సు సగం ధరకే వస్తుందని ఎవరైనా చెప్తే, బాక్సు చేత్తో ఎత్తి చూడండి. తేలిగ్గా ఉంటే అది అల్యూమినియం మీద రాగి పూత. బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనపడుతుంది. అలాంటి వైరు మీద కెమెరాలకు కరెంటు కూడా పంపితే వైరు వేడెక్కుతుంది, కెమెరా చేరేసరికి కరెంటు చాలదు. రాత్రి ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగే వేళకే కెమెరా ఆగిపోయి, మళ్లీ మొదలై, మళ్లీ ఆగుతుంటుంది. దొంగలు వచ్చేది ఆ వేళకే.

ఇక మా వాళ్ల గురించి ఒక మాట, వాళ్లకు కోపం వచ్చినా సరే. మాలో కొందరు కావాలనే నంబర్లు వేయరు. ఏ వైరు ఎటు పోతుందో తమకొక్కరికే తెలిస్తే మీరు తమకే ఫోన్ చేస్తారని. కొత్తవాడు వచ్చి ఆ చిక్కు చూసి దండం పెట్టి వెళ్లిపోతాడని. ఇది నేను కనిపెట్టిన సంగతేం కాదు, నాకు పని నేర్పిన అన్నయ్యే నవ్వుతూ చెప్పాడు. పని అయ్యాక ఏ పోర్టు ఎక్కడికో రాసిన కాగితం ఇస్తేనే మిగతా డబ్బు ఇస్తామని మీరు ముందే చెప్పండి. ఆ కాగితం రాక్ తలుపు లోపల ప్లాస్టిక్ కవర్‌లో ఉండాలి. పక్కనే దారంతో కట్టిన ఒక పెన్ను, ఒక నోట్‌బుక్. రాక్ తెరిచిన ప్రతివాడూ తేదీ, ఏ పోర్టు, ఏం మార్చాడు, ఒక్క లైను రాయాలి. నేనైనా, కెమెరాల అబ్బాయి అయినా, నెట్ కంపెనీ మనిషి అయినా. తాళం ఒకరి దగ్గరే ఉంటే ఆ ఒక్క లైను రాయించడం కష్టం కాదు.

సోమవారం పొద్దున కొన్ని ఫోన్లు వస్తాయి, ముందే చెప్తున్నా. ఒక ప్రింటర్ కనపడదు, ఒకరి ఐపీ ఫోన్ లేవదు. ఎన్నడూ ఎవరూ చెప్పని, మెట్ల కింద ఉన్న ఏదో మిషన్ ఆగిపోయిందని మధ్యాహ్నం తెలుస్తుంది. ఆ ఒక్క రోజు "వీడు మంచిగున్నదాన్ని కరాబు చేసిండు" అనకుండా ఓపిక పట్టండి. నేను అక్కడే ఉంటాను. ఈసారి నంబరు చూసి వెతుకుతాను కాబట్టి ఒక్కోదానికి ఐదు నిమిషాలు.

సుబేదారి ఆఫీసు వాళ్లు ఏప్రిల్‌లో ఒక ఆదివారం ఇచ్చారు. మిగతా వాళ్లు ఏ ఆదివారం అంటే ఆ ఆదివారం. వచ్చేటప్పుడు సామాను, నిచ్చెన నేనే తెచ్చుకుంటాను. మీరు గది తాళం తీసి, కరెంటు మెయిన్ ఎక్కడుందో తెలిసిన మనిషిని ఒకరిని ఉంచితే చాలు. లెడ్జర్లు, తోరణాలు, విరిగిన కుర్చీ నేను జరుపుకుంటాను. రాక్ మీది నీళ్ల క్యాన్ మాత్రం ఈ లేఖ చదవడం అయిపోగానే దించేయించండి.

ఇట్లు,
వరంగల్ నుంచి ఒక నెట్‌వర్కింగ్ టెక్నీషియన్